బిగుతు ఎప్పుడు పోవాలి, ఎప్పుడు ఉండాలి

(మెదడు గాయాల నుంచి కోలుకుంటున్నవారి కుటుంబాలనూ యువ ఫిజియోథెరపిస్టులనూ ఉద్దేశించి విశాఖపట్నంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. నేను మాట్లాడుతుండగా ఎవరికైనా కాలు టకటకా అదిరినా, చేయి బిగుసుకున్నా మొహమాటపడకండి. ఇవాళ మన విషయమే అది.

ఫిజియో దగ్గరకు రాగానే ఇంటివాళ్లు అడిగే మొదటి మాట: "ఈ బిగుతు ఎప్పుడు పోతుందండీ?" దానికి ముందు ఇంకో ప్రశ్న వేసుకోవాలి. ఈ బిగుతు వల్ల ఏ పని ఆగిపోతోంది? చొక్కా చేతిలోకి చేయి దూరడం లేదా? అరచేయి కడగడం కుదరట్లేదా? మడమ నేలకు ఆనట్లేదా? ఏ పనీ ఆగకపోతే, నొప్పీ లేకపోతే, కీలు పూర్తిగా కదులుతూనే ఉంటే, ఆ బిగుతు జోలికి వెళ్లక్కర్లేదు. కొందరికి అదే ఆసరా. తొడ కండరానికి బలం లేని మనిషి, ఆ కాలు కర్రలా బిగిసి ఉండబట్టే దాని మీద నిలబడి మంచం మీంచి కుర్చీలోకి మారగలుగుతాడు. బిగుతు తగ్గించాలని మాత్రలు పెంచేస్తే వారం తిరక్కుండా మోకాలు మడతపడి కూలబడతాడు. "మందు వేశాక కాలు మెత్తబడింది, కానీ నడక పోయింది" అనేవాళ్లు చెప్పేది ఇదే.

అసలు బిగుతు ఎందుకు వస్తుంది? కండరాన్ని సాగదీస్తే వెన్నుపాము "వెనక్కి లాగు" అని ఆజ్ఞ ఇస్తుంది. అది అందరిలోనూ ఉంటుంది. ఆ ఆజ్ఞ శ్రుతి మించకుండా మెదడు పైనుంచి అదుపు చేస్తూ ఉంటుంది. దెబ్బ తగిలాక ఆ అదుపు పోతుంది. మొదటి రోజుల్లో చేయీ కాలూ వేలాడిపోయినట్టు ఉండి, కొన్ని వారాల్లో బిగుతు మొదలవడం అందుకే. ఇక్కడ గుర్తు పెట్టుకోవాల్సింది వేగం. ఈ బిగుతుకు వైద్యంలో పేరు స్పాస్టిసిటీ. దానికి 1980లో జేమ్స్ లాన్స్ అనే న్యూరాలజిస్టు ఇచ్చిన నిర్వచనంలోనూ కీలకం అదే: ఎంత వేగంగా సాగదీస్తే అంత గట్టిగా ఎదురు తిరుగుతుంది. మోచేయిని చటుక్కున చాపితే సగం దూరంలో టక్కున పట్టేస్తుంది. అదే మోచేయిని అయిదారు సెకన్లు తీసుకుని మెల్లగా చాపితే ఇంకా ముందుకు వస్తుంది.

ఈ రెండు కొలతల మధ్య తేడా చాలా విషయాలు చెబుతుంది. వేగంగా చాపినప్పుడు 60 డిగ్రీల దగ్గర పట్టేసి, మెల్లగా చాపితే పూర్తిగా వచ్చిందంటే అది నాడీ సంబంధమైన బిగుతు. దాని మీద మందులు పనిచేస్తాయి. వేగంగా చాపినా మెల్లగా చాపినా ఒకేచోట ఆగిపోతే కండరం పొట్టిదైపోయిందని అర్థం. ఎన్ని మాత్రలు మింగినా అది పొడుగు కాదు. ఈ పరీక్షను టార్డ్యూ స్కేలు అంటారు. మన దగ్గర రిపోర్టుల్లో ఎక్కువగా కనిపించేది మాడిఫైడ్ యాష్‌వర్త్ స్కేలు, 1987 నాటిది. బిగుతు పెరిగేకొద్దీ 0, 1, 1+, 2, 3, 4 అని రాస్తారు. తొందరగా అయిపోతుంది కాబట్టి అందరూ వాడతారు. కానీ బిగుతునీ పొట్టిదనాన్నీ అది విడదీయలేదు. యువ ఫిజియోలు యాష్‌వర్త్ అంకె ఒక్కటే రాసి ఊరుకోకండి. కీలు కోణం కొలిచే గోనియోమీటరు తీసి రెండు వేగాల్లోనూ డిగ్రీలు రాయండి.

కండరం పొట్టిదవడం అంటే ఏమిటో చెబుతాను. వాడనప్పుడు, మడిచిన స్థితిలోనే ఉంచినప్పుడు, దర్జీ లోపల కుట్టు వేసి ప్యాంటు కుదించినట్టు కండరం తన పొడవును తానే కుదించుకుంటుంది. లోపలి పోగుల్లో గొలుసు కొలికుల్లాంటి భాగాలు తగ్గిపోతాయి, చుట్టూ ఉండే పొర గట్టిపడుతుంది. ఇది వారాల్లోనే మొదలవుతుంది. ఇక మూడోది బలహీనత. బిగుతు అంతా తీసేసినా వేళ్లు తెరిచే కండరానికి బలం లేకపోతే చేయి తెరుచుకోదు. బిగుతు, పొట్టిదనం, బలహీనత వేరు వేరు సమస్యలు, వేరు వేరు వైద్యాలు. "చేయి పట్టేసింది" అన్న ఒక్క మాట కింద మూడింటినీ కలిపేయడం వల్లే డబ్బూ కాలమూ వృథా అవుతున్నాయి.

రెండు నెలలుగా నిలకడగా ఉన్న బిగుతు నిన్నటి నుంచి ఒక్కసారిగా పెరిగిందనుకోండి. మందు డోసు పెంచమని డాక్టరుకు ఫోన్ చేసే ముందు దుప్పటి తీసి మనిషిని తల నుంచి కాళ్ల దాకా చూడండి. యూరిన్ పైపు మడతపడిందా, మూత్రం చిక్కగా, వాసనగా ఉందా? మోషన్ అయి ఎన్నాళ్లయింది? పిరుదుల దగ్గర, మడమల వెనక ఎర్రబడిందా, పుండు పడుతోందా? కాలి బొటనవేలి గోరు చర్మంలోకి దిగిందా? బ్రేస్ పట్టీ కోసుకుంటోందా? పిక్క ఒకవైపు వాచి వేడిగా ఉంటే రక్తం గడ్డ కట్టి ఉండొచ్చు. అప్పుడు రుద్దకండి, కదిలించకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. శరీరంలో ఎక్కడ బాధ ఉన్నా, మనిషి చెప్పుకోలేకపోయినా, బిగుతు పెరిగి చెబుతుంది. మోషన్ సాఫీగా అయితే చాలు, కాలు వదులయ్యే సందర్భాలు తక్కువేమీ కాదు.

మన ఊరి ఉక్కపోత ఇంకో సమస్య. ముడుచుకున్న పిడికిలిలో చెమట చేరి, చర్మం నానిపోయి, ఒరుసుకుపోయి, ఫంగస్ పడుతుంది. అరచేతిలో గోళ్లు దిగి పుండ్లవుతాయి. అందుకని రోజుకు రెండుసార్లు పిడికిలి తెరిచి కడగాలి. చాలామంది నేరుగా వేళ్ల చివర్లు పట్టుకుని లాగుతారు. అది తప్పు. వేళ్లను ముడిచే టెండన్లు, అంటే కండరాన్ని ఎముకకు కలిపే తాళ్లు, ముంజేతి నుంచి మణికట్టు మీదుగా వేళ్లలోకి వస్తాయి. లాగేకొద్దీ అవి ఇంకా బిగుస్తాయి. ముందు మణికట్టును అరచేతి వైపు ఇంకా కిందికి వంచండి. అప్పుడు ఆ టెండన్లు వదులవుతాయి, వేళ్లు కొంత వాటంతట అవే విచ్చుకుంటాయి. తర్వాత బొటనవేలిని చివర కాదు, మొదట్లో, ఆ కండ దగ్గర పట్టుకుని అరచేతి నుంచి మెల్లగా బయటికి తీయండి. ఆ తర్వాతే మిగతా వేళ్లు, చిటికెనవేలి వైపు నుంచి. తెరుచుకున్నాక గోరువెచ్చని నీళ్లతో కడిగి, వేళ్ల సందుల్లో పూర్తిగా తడి ఆరనిచ్చి, మెత్తని నూలు గుడ్డ చుట్ట పెట్టండి. వేళ్లు తెరిచి ఉంచి, మణికట్టును అప్పుడు మెల్లగా పైకి ఎత్తితే అదే మంచి స్ట్రెచ్.

ఒక మాట. చేతిలో స్పాంజి బంతి పెట్టి "నొక్కు, నొక్కు" అంటారు. ఆ చేతికి నొక్కడం ముందే వచ్చు, అది దాని జబ్బే. రానిది తెరవడం. గ్లాసు పట్టుకుని వదలడం, బల్ల మీది గుడ్డను వేళ్లు చాపి ముందుకు తోయడం ప్రాక్టీసు చేయించండి. బంతిని ఇంట్లో పిల్లలకిచ్చేయండి.

ఇక చీలమండ. అది బొటనవేలి మీద నిలబడినట్టు కిందికి వంగిపోతే నడక మొత్తం చెడుతుంది. పాదం ముందు భాగాన్ని మాత్రమే పట్టుకుని పైకి తోస్తే పాదం మధ్యలో వంగుతుంది, మడమ కదలదు. పైగా ముందు పాదం మీద ఒత్తిడి పడితే కాలు ఎదురు తన్నుతుంది. మడమను మీ అరచేతిలో గిన్నెలా పట్టుకోండి. మీ ముంజేయి వాళ్ల అరికాలికి ఆనాలి. మడమను ముందు కిందికి లాగి, ఆ తర్వాత మీ శరీరం బరువుతో ముంజేతిని మోకాలి వైపు ఒరిగించండి. మెల్లగా తీసుకెళ్లి, చివర 30 సెకన్ల నుంచి నిమిషం దాకా ఆపండి. ఒకసారి మోకాలు చాపి, ఒకసారి మడిచి చేయాలి, ఎందుకంటే పిక్కలో రెండు కండరాలున్నాయి, పై కండరం మోకాలిని కూడా దాటుతుంది. మోకాలు మడిస్తే పాదం పైకి వచ్చి, చాపితే రాకపోతే పట్టేసింది పై కండరమే.

అయితే నిజాయితీగా చెప్పాల్సింది ఒకటుంది. సాగదీయడం వల్ల కీలు కదలిక చెప్పుకోదగ్గంతగా పెరగదని, ఎన్నో అధ్యయనాలను కలిపి చూసి 2017లో వచ్చిన కాక్రేన్ సమీక్ష తేల్చింది. ఏడు నెలల లోపు చేసిన స్ట్రెచింగుల అధ్యయనాల మీద వచ్చిన మాట అది. అంటే మానేయమని కాదు. చర్మాన్ని శుభ్రం చేయడానికీ, కదలికకు ముందు కండరాన్ని సిద్ధం చేయడానికీ అది కావాలి. కానీ ఫిజియో వచ్చి అరగంట కాలూ చేయీ ఆడించి వెళ్లిపోతే వైద్యం అయిపోయిందనుకోవద్దు. మిగతా ఇరవై మూడున్నర గంటలు ఆ కాలు ఏ భంగిమలో ఉందన్నదే ఎక్కువ లెక్క.

మంచం మీద రెండు గంటలకోసారి పక్క మార్చాలి. బలహీనమైన వైపు పడుకోబెట్టినప్పుడు భుజం ఒంటి కింద నలగకుండా ముందుకు తీసి ఉంచాలి. వెల్లకిలా ఉన్నప్పుడు మోకాళ్ల కింద దిండు పెట్టడం చాలా ఇళ్లలో అలవాటు. హాయిగా కనిపిస్తుంది, కానీ గంటలకొద్దీ అలా ఉంటే మోకాలు మడతలోనే ఉండిపోతుంది. కుర్చీలో కూర్చున్నప్పుడు రెండు పిరుదుల మీదా సమానంగా బరువు, పాదాలు పూర్తిగా నేలకు, చేయి ఒళ్లో వేలాడకుండా ముందు బల్ల మీదో దిండు మీదో. రెక్క పట్టి లేపడం మాత్రం పూర్తిగా మానేయాలి. భుజం చుట్టూ కండరాలు వదులైనప్పుడు అలా లాగితే గూడ జారుతుంది, ఆ నొప్పితో చేయి మొత్తం బిగుస్తుంది. నడుము దగ్గర బెల్టు కట్టి అది పట్టుకోండి. పుల్లీకి తాడు కట్టి బాగున్న చేత్తో బాగాలేని చేతిని తల పైకి లాగించడం కూడా భుజానికి చేటే.

రోజుకు అరగంట నిలబడగలిగితే అంతకు మించిన పిక్క స్ట్రెచ్ లేదు. సొంతంగా నిలబడలేకపోతే టిల్ట్ టేబుల్ ఉంది, మనిషిని పట్టీలతో కట్టి మెల్లగా నిలువుగా లేపే బల్ల. మొదటి రోజు నేరుగా నిలబెడితే బీపీ పడిపోయి కళ్లు తిరుగుతాయి. 30 డిగ్రీల దగ్గర మొదలుపెట్టి, బీపీ చూస్తూ పెంచాలి. పిక్క అప్పటికే పొట్టిదైపోతే సీరియల్ కాస్టింగ్ చేస్తారు. సాగదీసిన స్థితిలో కట్టు వేసి, కొద్దిరోజులకోసారి విప్పి, చర్మం చూసి, ఇంకాస్త సాగదీసి కొత్త కట్టు వేస్తారు. స్పర్శ లేని కాలికి, మాట రాని మనిషికి కట్టు వేస్తే వేళ్ల రంగు పూటపూటా చూడాలి.

ఇక చీలమండనూ పాదాన్నీ నిలిపి ఉంచే ఏఎఫ్ఓ బ్రేస్ గురించి. కేజీహెచ్ ఆసుపత్రి నుంచో విమ్స్ నుంచో డిశ్చార్జి అయి ఇంటికెళ్లాక ఆ బ్రేస్ గుమ్మం బయట చెప్పులతో పాటు ఉండిపోతుంది. మన ఇళ్లలో బూట్లతో నడవం కదా! కానీ రోజులో నడకంతా ఇంట్లోనే. కాబట్టి ఇంట్లోకి మాత్రమే ఒక జత బూట్లు విడిగా పెట్టుకోండి. ఒక సైజు పెద్దవి, వెనక పట్టీ ఉన్నవి. లోపల నూలు సాక్సు తప్పనిసరి, మన చెమటకి పూటకో జత మార్చాలి. విప్పాక చర్మం మీద ఎర్రటి గుర్తు అరగంటైనా పోకపోతే బ్రేస్ సరిచేయించాలి. మడమ పూర్తిగా లోపలికి దిగకుండా పట్టీ బిగిస్తే అది పనిచేయదు, పుండు చేస్తుంది.

మందులకు వద్దాం. ఒళ్లంతా, రెండు వైపులా బిగుతు ఉంటే మాత్రలు. ఒక చేయో ఒక పాదమో అయితే ఇంజెక్షను. బాక్లోఫెన్ సాధారణంగా 5 మిల్లీగ్రాములు రోజుకు మూడుసార్లు మొదలుపెట్టి, మూడు రోజులకోసారి కొద్దికొద్దిగా పెంచుతారు. రోజుకు 80 మిల్లీగ్రాములు గరిష్ఠం. చాలామంది అంతకు ముందే మగతకు ఆగిపోతారు. కిడ్నీ దెబ్బతిన్నవాళ్లకు మామూలు డోసే ఎక్కువవుతుంది. టిజానిడిన్ 2 మిల్లీగ్రాములతో మొదలు, లివర్ పరీక్షలు చేయిస్తూ ఉండాలి, బీపీ తగ్గుతుంది. ఈ మాత్ర వేసుకునేవాళ్లకు సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయోటిక్ ఇవ్వకూడదు. యూరిన్ ఇన్ఫెక్షనని మెడికల్ షాపులో సిప్రో అడిగి తెచ్చి వేసేస్తుంటారు. రెండూ కలిస్తే టిజానిడిన్ రక్తంలో చాలా రెట్లు పెరిగి బీపీ ఒక్కసారిగా పడిపోతుంది. డయాజిపామ్ మెదడు దెబ్బ తిన్నవాళ్లకు నా దృష్టిలో ఆఖరి మార్గం. జ్ఞాపకం, ధ్యాస ఎలాగూ దెబ్బతిని ఉంటాయి, దానికి తోడు ఇంకో మత్తు ఎందుకు?

బొట్యులినం టాక్సిన్ ఇంజెక్షను ఏ కండరానికిస్తే దాన్నే వదులు చేస్తుంది. కొద్దిరోజుల్లో మొదలై, నాలుగు నుంచి ఆరు వారాల దగ్గర బాగా పనిచేసి, మూడు నాలుగు నెలల్లో తగ్గిపోతుంది. 12 వారాల లోపు మళ్లీ వేయరు. ఒక కంపెనీ 100 యూనిట్లు, ఇంకో కంపెనీ 100 యూనిట్లు ఒకటి కావు. అందుకని బ్రాండు మారితే డాక్టరుకు తప్పక చెప్పండి. వయల్ మీరే కొని తెస్తే 2 నుంచి 8 డిగ్రీల మధ్య, ఐస్ ప్యాక్‌తో తేవాలి, బండి డిక్కీలో కాదు. ఇక్కడ జరిగే పెద్ద నష్టం ఇంజెక్షను వేయించుకుని ఇంటికెళ్లి పడుకోవడం. అది బిగుతు తగ్గించి కొన్ని వారాల గడువు ఇస్తుంది, అంతే. ఆ గడువులో కీలును చాపి ఉంచే స్ప్లింటు వేయకపోతే, వేళ్లు తెరిచే పని చేయించకపోతే, నాలుగో నెలలో మొదటికి వస్తారు. ఇంజెక్షనుకు ముందే ఫిజియో తేదీలు ఖాయం చేసుకోండి. లక్ష్యం కాగితం మీద రాయండి: "రెండు నిమిషాల్లో అరచేయి కడగగలగాలి" అని. అంత ఖర్చు పెట్టలేనివాళ్లకు నరం దగ్గర ఇచ్చే ఫినాల్ ఇంజెక్షను కూడా ఉంది, చవక. అనుభవమున్న చేయి కావాలి.

అభ్యాసం విషయానికొస్తే, కుర్చీలోంచి లేవడం ఒక్కటి చక్కగా చేయించినా చాలా సాధించినట్టే. మొదట కుర్చీ కాస్త ఎత్తుగా ఉండాలి, 20 అంగుళాలు. కుదిరాక 18కి దించండి. పాదాలు మోకాళ్ల కంటే నాలుగు అంగుళాలు వెనక్కి. ముక్కు కాలివేళ్లను దాటేదాకా ముందుకు వంగి, అప్పుడు లేవాలి. బాగున్న పాదాన్ని కొద్దిగా ముందుకు జరిపితే బరువు బలహీనమైన కాలి మీద పడుతుంది, మనకు కావాల్సింది అదే. పదేసి చొప్పున, రోజంతా కలిపి యాభైకి తగ్గకుండా. బలం పెంచే వ్యాయామం చేస్తే బిగుతు పెరుగుతుందని పాత పుస్తకాల్లో ఉండేది. అది నిజం కాదని ఎప్పుడో తేలింది.

పక్షవాతానికీ తల దెబ్బకీ తేడా ఉంది. బండి మీంచి పడినవాళ్లలో రెండు వైపులా బిగుతు, తూలడం, చిరాకు, మతిమరుపు కలిసి వస్తాయి. టీవీ ఆపండి, ఒకసారి ఒకే మాట చెప్పండి, ఇరవై నిమిషాలకు విశ్రాంతి ఇవ్వండి. ఆపరేషన్లో పుర్రె ఎముక ముక్క తీసి పొట్ట చర్మం కింద దాచిన వాళ్లకు కూర్చోబెట్టినా నిలబెట్టినా హెల్మెట్ ఉండాలి, ఆ వైపు పడుకోబెట్టకూడదు. తొలి నెలల్లో మోచేయో తుంటో వాచి, వేడెక్కి, కదలిక తగ్గుతుంటే కండరంలో ఎముక పెరుగుతోందేమో చూపించాలి. అప్పుడు బలవంతంగా వంచితే ఇంకా చెడుతుంది. కోలుకుంటున్న మనిషి నడక మళ్లీ మందగించి, మూత్రం ఆపుకోలేక, మందకొడిగా మారితే మెదడులో నీరు చేరిందేమోనని సీటీ తీయించాలి. అది ఫిజియోతో పోయేది కాదు.

ఇక ప్రశ్నలు తీసుకుందాం.

(సభలో ఒకరు: బీచ్‌లో ఇసుక మీద నడిపిస్తే కాలికి బలం వస్తుందంటారు, నిజమేనా?)

మడమ ఆనని కాలికి మెత్తటి ఇసుక పనికిరాదండీ. వేళ్లు దిగబడి, పాదం లోపలికి మడతపడి, చీలమండ బెణుకుతుంది. ఆర్కే బీచ్‌కి తీసుకెళ్లండి, కానీ పక్కన ఉన్న చదునైన ఫుట్‌పాత్ మీద, పొద్దున్నే జనం లేనప్పుడు. మన వీధులు ఎత్తుపల్లాలు కాబట్టి ఇంటి ముందు ర్యాంపు కట్టించేవాళ్లు లెక్క చూసుకోండి: ప్రతి అంగుళం ఎత్తుకీ అడుగు పొడవు. ఆరంగుళాల మెట్టుకి ఆరడుగులు. ఆటోలోకి ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు బలహీనమైన కాలు ముందు.

(ఇంకొకరు: నూనె మర్దన, పావురం రక్తం...)

నూనె మర్దన మెల్లగా చేస్తే హాయిగా ఉంటుంది, చేసుకోండమ్మా. దాంతో కండరం పొడుగవదు. వేడి కాపడం మాత్రం జాగ్రత్త, స్పర్శ లేని చోట కాలినా తెలియదు. పావురం రక్తం వల్ల పావురం చావడం తప్ప ఏమీ జరగదు.

(మరొకరు: సంక్రాంతికి శ్రీకాకుళం వెళ్తున్నాం. బాక్లోఫెన్ నాలుగు రోజులు ఆపితే ఏమవుతుంది?)

ఆపకండి బాబూ. ఎక్కువకాలం వాడుతున్న బాక్లోఫెన్ ఒక్కసారిగా ఆపితే బిగుతు రెట్టింపై, జ్వరం, భ్రమలు, ఫిట్స్ రావచ్చు. మానాలన్నా డాక్టరు చెప్పినట్టు వారాల్లో కొద్దికొద్దిగా తగ్గించాలి. పండక్కి షాపులు మూసేస్తారు, పది రోజుల మాత్రలు ముందే కొని సగం చేతి సంచిలో, సగం పెట్టెలో పెట్టుకోండి. ప్రిస్క్రిప్షన్ ఫోటో ఇద్దరి ఫోన్లలో ఉండాలి. ఒక పూట మర్చిపోతే తర్వాతి పూట రెండు వేయకండి, మామూలు డోసే వేయండి. రోజంతా తప్పిపోయి, మనిషి పరాకుగా మాట్లాడుతున్నా, ఒళ్లు కాలుతున్నా, దగ్గర్లోని ఆసుపత్రికి వెళ్లి "బాక్లోఫెన్ ఆగిపోయింది" అని మొదటి మాటగా చెప్పండి. లేకపోతే వాళ్లు ఇన్ఫెక్షనే అనుకుంటారు.